పెళ్ళికి ముందు టెన్షన్ మాత్రలు మొదలుపెట్టాలా, ప్రాణాయామంతో తగ్గించుకోవాలా?

సన్నజాజి | సోమవారం రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నాకు 27 ఏళ్ళు. ఏలూరు దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తాను. మే నెలలో ఒకరోజు కౌంటర్ ముందు లైను తలుపు దాకా ఉంది. నోట్లు లెక్కపెడుతుంటే ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. పది, పదిహేను నిమిషాల్లో తగ్గింది. ఆ నెలలోనే ఇంకో మూడుసార్లు వచ్చింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు దడ కంటే, దడ వస్తుందేమోనన్న భయం ఎక్కువైంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితేనే ఎక్కుతున్నాను.

విజయవాడలో సైకియాట్రిస్టుకి చూపించుకున్నాను. ఆందోళన తగ్గడానికి ఎసిటలోప్రామ్ వారం రోజులు 5 ఎంజీ, తర్వాత 10 ఎంజీ రాశారు. రాత్రిపూట క్లోనాజెపామ్ 0.25 కూడా రాసి, రెండు వారాలు మాత్రమే అని కింద గీత గీసి మరీ చెప్పారు. మందులు కొన్నాను కానీ ఇంకా వేసుకోలేదు.

మాఘమాసంలో నా పెళ్ళి. అమ్మ మాత్రలు వద్దంటోంది. పొద్దున్నే సరస్వతి ఆకు నమలమంటోంది, రాత్రి అశ్వగంధ చూర్ణం పాలల్లో కలిపి ఇస్తోంది. మావయ్య ప్రాణాయామం నేర్పే ఆయన దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు. మాత్రలు మొదలుపెడితే అలవాటైపోతాయా? అవి లేకుండా తగ్గించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 11:35

అమ్మాయ్, నీ పోస్టు చదివాక పడుకోబుద్ధి కాలేదు. నేను హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. వయసు 64. నా మాట విని ఆ మాత్రల జోలికి వెళ్ళకు.

2009లో బదిలీ గొడవల్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఒక డాక్టరు అల్ప్రాజోలం 0.5 రాశారు. పదిహేను రోజులకని రాసిన చీటీ అది. ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఊళ్ళో మందుల షాపు అతను ఆ చీటీ మడతల దగ్గర చిరిగిపోయాక కూడా ఇస్తూనే ఉన్నాడు. అలా 11 ఏళ్ళు వేసుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో షాపుకి సరుకు రాలేదు. మూడో రోజుకి చేతులు వణికి అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. గోడ మీద బల్లి కదిలినా ఉలిక్కిపడేవాణ్ణి. మా ఆవిడ రాత్రంతా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత వేరే డాక్టరు దగ్గర పావు పావు తగ్గించుకుంటూ బయటపడటానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ నన్ను నిలబెట్టింది నాడీశోధన ప్రాణాయామం. ఇప్పటికీ తెల్లవారుజామున నలభై నిమిషాలు చేస్తాను.

మాత్ర అంటే అలవాటే తల్లీ. మొదట్లో ఎవరూ ఆ మాట చెప్పరు.

నైట్‌డ్యూటీ | మంగళవారం తెల్లవారుజామున 3:10

మాస్టారూ, మీరు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ మీరు వేసుకున్న మందు వేరు, ఆ అమ్మాయికి రాసిన ప్రధానమైన మందు వేరు. నేను స్టాఫ్ నర్సుని, పద్నాలుగేళ్ళ సర్వీసు. మాది నిజామాబాద్. అల్ప్రాజోలం ఎంత చెడ్డదో మా వైపు వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు, కల్తీ కల్లులో కలిపేవాటిలో అదీ ఒకటి. 2015లో దాడులు చేసి కల్తీ కల్లు ఆపినప్పుడు వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఎంతమంది ఆసుపత్రులకి వచ్చారో నాకు గుర్తుంది. వాళ్ళలో సగం మందికి తాము ఏ మందుకి అలవాటు పడ్డారో కూడా తెలియదు. కల్లు తాగుతున్నామనే అనుకున్నారు.

అల్ప్రాజోలం, క్లోనాజెపామ్, డయాజెపామ్ అన్నీ ఒక కుటుంబం. గంటలోపే పనిచేస్తాయి. మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే మెదడు దానికి సర్దుకుంటుంది, తర్వాత ఉన్నట్టుండి తీసేస్తే తిరగబడుతుంది. అందుకే ఆ డాక్టరు రెండు వారాలు మాత్రమే అని గీత గీశారు. ఆ గీత చూస్తే మంచి డాక్టరనిపిస్తోంది. 2014 మార్చి నుంచి అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉంది. షాపువాళ్ళు ఎవరికి అమ్మారో, ఎవరు రాశారో రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. మీ షాపు అతను అది చేయలేదు. తప్పు అక్కడ జరిగింది.

ఎసిటలోప్రామ్ అలా కాదు. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది పనిచేయడానికి. మత్తు ఇవ్వదు, ఇంకో మాత్ర వేసుకుందామనిపించదు. మొదటి వారం వికారం, కొంచెం అలజడి ఉండొచ్చు. అందుకే 5తో మొదలు. కొందరికి కోరిక తగ్గుతుంది, అది కూడా చెప్పాల్సిందే. తగ్గాక కూడా సాధారణంగా ఏడాది వరకు కొనసాగించి, మెల్లగా తగ్గించి ఆపుతారు. చెల్లీ, అలవాటు కాదు. వేసుకో.

సీమపెన్నేరు | మంగళవారం ఉదయం 7:20

అశ్వగంధని మా వైపు పెన్నేరు గడ్డ అంటారు. మా తాత ముత్తాతల నుంచీ వాడుతున్నాం. సైడ్ ఎఫెక్ట్స్ లేవు. మూడు నెలలు వాడి చూడమ్మా.

నైట్‌డ్యూటీ | మంగళవారం ఉదయం 8:05

సైడ్ ఎఫెక్ట్స్ లేని మందు ఉండదు సార్. అశ్వగంధతో లివరు దెబ్బతిన్న కేసులు మన దేశం నుంచే రిపోర్టయ్యాయి. థైరాయిడ్ హార్మోన్‌ని పెంచే గుణం కూడా ఉంది. థైరాయిడ్ పెరిగితే వచ్చేది గుండె దడే. క్లోనాజెపామ్‌తో కలిస్తే మత్తు పెరగొచ్చు. చెల్లీ, వాడుతున్నానని నీ డాక్టరుకి చెప్పావా?

సన్నజాజి | మంగళవారం మధ్యాహ్నం 1:40

చెప్పలేదు అక్కా. అది మందు కింద లెక్క రాదనుకున్నాను.

కృష్ణాతీరం | మంగళవారం సాయంత్రం 6:15

నర్సమ్మగారూ, మీ అనుభవానికి నమస్కారం. ఒక్క ప్రశ్న. ఆ ఎసిటలోప్రామ్‌ని ఏడాది వేసుకున్నాక రేపు పొద్దున ఆపేస్తే ఏమవుతుంది? మీరే మెల్లగా తగ్గించి ఆపాలన్నారు. ఆపితే ఒళ్ళు తిరగబడేదాన్ని అలవాటు అనక ఇంకేమంటారు?

నైట్‌డ్యూటీ | మంగళవారం రాత్రి 9:30

తల తిరుగుతుంది, చిరాకు, నిద్ర చెదరడం, తలలో షాక్ కొట్టినట్టు అనిపించడం ఉండొచ్చు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది, కొందరికి ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే తగ్గిస్తూ ఆపుతారు. బీపీకి, దడకి వాడే ప్రొప్రనలాల్ ఉన్నట్టుండి ఆపినా గుండె తిరగబడుతుంది. స్టెరాయిడ్ కూడా అంతే. వాటిని వ్యసనం అంటామా?

కృష్ణాతీరం | మంగళవారం రాత్రి 9:52

నేను వ్యసనం అనలేదు. అలవాటు అన్నాను. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, రెండింటికీ తేడా తెలుసు.

నైట్‌డ్యూటీ | మంగళవారం రాత్రి 10:20

మరి ఆ అమ్మాయి భయపడుతున్నది ఏ అర్థంలో మాస్టారూ? జీవితాంతం బానిసైపోతానేమో అని. మీరు అలవాటు అనగానే ఆమెకి వినిపించేది ఆ అర్థమే. మీ తొమ్మిది నెలల కథలో కూడా మిమ్మల్ని బయటపడేసింది ఆ డాక్టరు పావు పావు తగ్గించిన లెక్క. ప్రాణాయామం తోడుంది, కాదనను. కానీ లెక్క లేకుండా ప్రాణాయామం ఒక్కదానితో ఆపి ఉంటే ఫిట్స్ కూడా వచ్చి ఉండొచ్చు.

కృష్ణాతీరం | మంగళవారం రాత్రి 10:41

ఆ తొమ్మిది నెలల్లో ప్రతి తెల్లవారుజామునా నా ఒంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. మీరు అక్కడ లేరు.

డల్లాస్‌పిల్ల | బుధవారం ఉదయం 6:30

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అమెరికాలో మూడు నగరాల్లో 276 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి ఎసిటలోప్రామ్, ఇంకో గుంపుకి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద, ఒంటి మీద ధ్యాస నిలిపే ధ్యానం) శిక్షణ ఇచ్చారు. 2022 చివర్లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చింది. ఎనిమిది వారాలకి రెండు గుంపుల్లోనూ ఆందోళన దాదాపు ఒకేలా తగ్గింది. సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం మాత్రల గుంపులో చాలా ఎక్కువ. మాస్టారూ, ఇది మీ వైపు సాక్ష్యమే. కానీ ఆ శిక్షణ ఏంటంటే వారానికి రెండున్నర గంటల క్లాసు, రోజూ ఇంట్లో 45 నిమిషాల సాధన, మధ్యలో ఒక పూర్తి రోజు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోవడం కాదు.

యోగా మీద కూడా 2020లో ఒకటి వచ్చింది. 226 మంది. యోగాతో 54 శాతం మందికి మెరుగైంది, సీబీటీ అనే మాటల చికిత్సతో 71 శాతం మందికి, టెన్షన్ గురించి పాఠాలు మాత్రమే విన్నవాళ్ళలో 33 శాతం మందికి. సీబీటీ గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదెందుకు?

సైలెంట్‌రీడర్ | బుధవారం ఉదయం 9:15

నాదీ ఇదే పరిస్థితి. బస్సులో కిటికీ పక్క సీటు సంగతి చదివి ఏడ్చేశాను.

బెజవాడకుర్రాడు | బుధవారం ఉదయం 11:00

ఇంటర్వ్యూ ముందు దడ తగ్గడానికి ఫ్రెండు ప్రొప్రనలాల్ ఇచ్చాడు. అది వేసుకోవచ్చా? చిన్నప్పుడు ఆస్తమా ఉండేది.

నైట్‌డ్యూటీ | బుధవారం ఉదయం 11:08

ఆస్తమా ఉంటే వద్దు తమ్ముడూ, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోకూడదు.

డల్లాస్‌పిల్లా, సీబీటీ మంచిదే. నేర్పేవాళ్ళు ఏలూరులో ఎంతమంది ఉంటారు? వారం వారం విజయవాడ వెళ్ళాలంటే సెలవు, ఛార్జీలు, ఫీజు. చెల్లీ, 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకి చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. నీ బస్సు భయానికి పనికొచ్చేది సీబీటీలో ఉండే మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం. మొదట ఒక స్టాపు దూరం మధ్య సీటులో. తర్వాత రెండు స్టాపులు. దడ వచ్చినా దిగకుండా కూర్చుంటే అది దానంతటదే దిగిపోతుందని మెదడుకి తెలుస్తుంది. కిటికీ సీటు కోసం ఎదురుచూసిన ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే.

ఇంకో ముఖ్యమైన మాట. మావయ్య తీసుకెళ్ళే ఆయన కపాలభాతి, భస్త్రిక చేయిస్తే ఇప్పుడు చేయకు. నీకు వేళ్ళు తిమ్మిరెక్కింది వేగంగా ఊపిరి పీల్చి ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవడం వల్ల. వేగంగా ఊపిరి తీసే సాధన చేస్తే అదే దడ మళ్ళీ రావొచ్చు.

కృష్ణాతీరం | బుధవారం మధ్యాహ్నం 12:30

ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నెమ్మదిగా పీల్చు, పీల్చినదానికి రెట్టింపు సమయం వదులు. నాలుగు లెక్కపెట్టి పీలిస్తే ఎనిమిది లెక్కపెట్టి వదలాలి. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, వద్దు. దీనికి ఏ చీటీ అక్కర్లేదు. మరి ఇంత మంచి సాధనం చేతిలో పెట్టుకుని మాత్ర దేనికి?

నైట్‌డ్యూటీ | బుధవారం మధ్యాహ్నం 2:45

రెండూ చేయొచ్చు కాబట్టి! మందు వేసుకుంటూ ప్రాణాయామం చేస్తే పాపమా? రెండు రోజులుగా వాదిస్తున్నాం, ఈ రెండూ కలిపి చేయడం గురించి మీరు ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఈ పిల్ల ఆరు నెలలుగా రోజూ భయపడుతూ ఉద్యోగం చేస్తోంది. మీకు తగ్గింది కాబట్టి అందరికీ తగ్గాలని పట్టుబడితే, తగ్గనివాళ్ళు తమ సాధనలోనే లోపం ఉందనుకుని కుమిలిపోతారు.

కృష్ణాతీరం | బుధవారం సాయంత్రం 5:20

సరే, సూటిగా చెబుతాను. మాఘంలో పెళ్ళి పెట్టుకున్న పిల్ల. ప్రాణాయామం చేస్తోందంటే అత్తవారింట్లో మెచ్చుకుంటారు. మాత్రల స్ట్రిప్ సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళిందంటే ముందే చెప్పి తీరాలి. చెప్పకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు. చెప్పే ధైర్యం లేకపోతే మొదలే పెట్టొద్దు. అందుకే వద్దంటున్నాను.

నైట్‌డ్యూటీ | బుధవారం సాయంత్రం 5:31

చూశారా! మూడు రోజులుగా అలవాటు, అలవాటు అని మీరు కొట్లాడింది దీనికోసమన్నమాట. మాత్ర వేసుకుంటే జబ్బు మనిషి, ముక్కు మూసుకుంటే మంచి మనిషి. గుండె దడ మాత్రం రెండు చోట్లా ఒకటే. కనబడే వస్తువు స్ట్రిప్ ఒక్కటే కాబట్టి దాని మీద పడ్డారు.

నేను చెప్తాను చెప్పి తీరితే ఏమవుతుందో. 2012లో నాకు 26 ఏళ్ళు. అంతకు ముందు ఏడాది ఇవే లక్షణాలకి ఎసిటలోప్రామ్ లాంటిదే సెర్ట్రలిన్ అనే మాత్ర వాడాను. తగ్గింది, మానేశాను. సంబంధం కుదిరాక దాచడం తప్పనిపించి అబ్బాయి వాళ్ళ అమ్మతో నేనే చెప్పాను. ఆవిడ నా తల నిమిరి పర్లేదమ్మా అంది. లగ్నపత్రిక రాసుకోవాల్సిన రోజు పొద్దున ఫోన్ వచ్చింది. మాత్రలకి అలవాటుపడ్డ పిల్ల మాకొద్దు అని. అలవాటు. అదే మాట. రెండు నెలల్లో మా చుట్టాలందరికీ తెలిసిపోయింది. తర్వాత వచ్చిన ప్రతి సంబంధం వాళ్ళూ ఎవరో ఒకరి దగ్గర విని వెనక్కి పోయారు. నా పెళ్ళి 34వ ఏట అయింది. మా నాన్న దాన్ని చూడలేదు. మీరు ఆ మాట టైపు చేసిన ప్రతిసారీ ఆ రోజు పొద్దున ఫోన్ పెట్టేసిన మా నాన్న మొహం కనబడుతోంది నాకు.

డల్లాస్‌పిల్ల | బుధవారం సాయంత్రం 6:02

అక్కా... ఏం రాయాలో తెలియడం లేదు.

వేదిక నిర్వాహకులు | బుధవారం సాయంత్రం 6:40

సభ్యులందరికీ మనవి. ఒకరి వయసును గానీ వృత్తిని గానీ ఎత్తి మాట్లాడకండి. చర్చను ప్రస్తుతానికి మూయడం లేదు.

కృష్ణాతీరం | బుధవారం రాత్రి 10:15

మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నాదీ చెప్పాలి. లేకపోతే నేనేదో పాతకాలపు మొండివాడినని మీరు అనుకుంటారు.

2021లో మా చిన్నబ్బాయి పెళ్ళి చేశాం. బంగారం లాంటి పిల్ల. కాలేజీ రోజుల నుంచి ఇలాంటి మాత్రే వేసుకుంటోందట. మాకు చెప్పలేదు. పెళ్ళికి పది రోజుల ముందు, అత్తవారింట్లో ఎవరైనా చూస్తారని వాళ్ళ అమ్మానాన్నలు ఒక్కసారిగా మాన్పించేశారు. మా ఇంటికొచ్చిన పిల్ల తల తిరుగుతోందని పడుకునేది, కారణం లేకుండా ఏడ్చేది, గదిలోంచి బయటికి వచ్చేది కాదు. మేమేం అనుకుంటాం? ఇష్టం లేని పెళ్ళి చేశారనుకున్నాం. మా ఆవిడ ఆ మాట పైకి అనేసింది కూడా. మా అబ్బాయి మనసు విరిగింది. ఎనిమిది నెలలకి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడిపోయాక వాళ్ళ అన్నయ్య చెప్పాడు మాత్రల సంగతి. నేను అల్ప్రాజోలం మానేటప్పుడు ఏ నరకం చూశానో, అలాంటిదే ఆ పిల్ల నా కళ్ళెదుట, నా ఇంట్లోనే పడింది. నేను గుర్తుపట్టలేదు. ఏడాది ముందే నేనది అనుభవించి కూడా గుర్తుపట్టలేదు. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే మాత్ర ఆపనిచ్చేవాళ్ళం కాదు.

నైట్‌డ్యూటీ | బుధవారం రాత్రి 10:50

మాస్టారూ, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. ముందే చెప్పి ఉంటే మీరు ఆ పెళ్ళి చేసేవాళ్ళా?

లాపాయింట్ | గురువారం ఉదయం 10:05

చట్టం సంగతి అడిగేవాళ్ళు ఉంటారని రాస్తున్నాను. హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ ప్రకారం సమ్మతి ఇవ్వలేనంతగా మతిస్థిమితం లేకపోయినా, పెళ్ళికి, సంతానానికి తగనంత మానసిక వ్యాధి ఉన్నా, పదేపదే ఉన్మాదం వస్తున్నా అది పెళ్ళికి అడ్డంకి. ఆందోళనకి మాత్ర వేసుకోవడం ఆ కోవలోకి రాదు. ఇదే సెక్షన్లో 1999 దాకా మూర్ఛ రోగం కూడా ఉండేది, సవరణతో తీసేశారు. అయితే 12వ సెక్షన్ వేరు. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని పెళ్ళి రద్దు అడగొచ్చు, మోసం తెలిసిన ఏడాదిలోపు. ఏది ముఖ్యమైన విషయం అనేది కేసుని బట్టి కోర్టు చూస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఉంది, కొన్ని మినహాయింపులు తప్ప డాక్టరు బయటపెట్టకూడదు. చట్టం వరకు ఇంతే. చెప్పాలా వద్దా అన్నది చట్టం తేల్చే ప్రశ్న కాదు.

సీమపెన్నేరు | గురువారం ఉదయం 10:40

అందుకే మూలికలు మేలు. ఎవరికీ చెప్పక్కర్లేదు.

డల్లాస్‌పిల్ల | గురువారం మధ్యాహ్నం 12:10

సీమపెన్నేరు సార్, మీరు ఇప్పుడన్నది చాలా ముఖ్యమైన మాట. మనవాళ్ళలో చాలామంది మందుని ఎంచుకునేది ఏది పనిచేస్తుందని కాదు, ఏది దాచక్కర్లేదని. ఇక్కడ డల్లాస్‌లో కూడా అంతే. మాత్రల బాటిల్ మీద లేబుల్ గీకేసి విటమిన్ డబ్బాలో పోసుకునే స్నేహితురాలు నాకుంది. అత్తగారు ఇండియా నుంచి వచ్చిన ఆరు నెలలూ.

కృష్ణాతీరం | గురువారం రాత్రి 9:25

నర్సమ్మగారూ, మీ ప్రశ్నకి.

చేసేవాణ్ణి కాదు.

నిన్న రాత్రే రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఏదో ఒక వంక చెప్పి, జాతకాలు కుదరలేదని కబురు పంపేవాణ్ణి. 11 ఏళ్ళు మాత్ర మింగినవాణ్ణే అయినా ఆ పని చేసేవాణ్ణి. నేను మింగిన సంగతి కూడా మా వియ్యంకుడికి చెప్పలేదు కదా. అది ఇవాళే తట్టింది.

అయినా నా మాట మారదు. చెప్పాలి. దాచినందుకు ఆ పిల్ల పడ్డ బాధ నేను చూశాను. పెళ్ళి తప్పిపోయినా మీరు బాగానే ఉన్నారు, మీ మనసు నొచ్చింది, కాదనను. మాత్ర ఆపి నా ఇంటికొచ్చిన పిల్ల మాత్రం ముక్కలైపోయింది.

నైట్‌డ్యూటీ | గురువారం రాత్రి 11:58

ఒప్పుకున్నందుకు మీ మీద గౌరవం పెరిగింది మాస్టారూ. కానీ నేను బాగానే ఉన్నానని మీరు అనకండి. ఎనిమిదేళ్ళు ఇంట్లో శుభకార్యం అంటే నైట్ డ్యూటీ వేయించుకున్నాను. నా పేరు అలా వచ్చిందే.

చెప్పాలన్నది నేనూ ఒప్పుకుంటాను, ఎవరికి అన్నదగ్గరే తేడా. మీరు అత్తవారు అంటున్నారు. నేను అంటున్నది అబ్బాయికి. అతనికి ఒక్కడికే. పక్కన పడుకునేవాడు, రాత్రి దడ వస్తే నీళ్ళ గ్లాసు అందించాల్సినవాడు అతను. అత్తగారికి, ఆడపడుచుకి, పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తికి ఎందుకు? మా ఆయనకి మూడోసారి కలిసినప్పుడే చెప్పాను. ఈరోజుకీ మా అత్తగారికి తెలియదు. మేం బాగున్నాం.

కృష్ణాతీరం | శుక్రవారం ఉదయం 5:50

మన ఇళ్ళల్లో అబ్బాయికి చెబితే అమ్మకి చెప్పినట్టే. ఒకే ఇంట్లో ఉండబోతే ఇంట్లో పెద్దవాళ్ళకి తెలియాలి. లేకపోతే మాలాగే తప్పుగా అర్థం చేసుకుంటారు.

నైట్‌డ్యూటీ | శుక్రవారం ఉదయం 6:30

తెలిసినా తప్పుగానే అర్థం చేసుకుంటారు. నా విషయంలో తెలుసు కదా. మీ ఇంట్లో ఆ పిల్లని చూసి ఆరోగ్యం బాగాలేదేమో అని కాకుండా ఇష్టం లేదని ఎందుకు అనుకున్నారు? ముందు దానికి సమాధానం వెతకండి.

సన్నజాజి | శనివారం రాత్రి 8:10

అందరివీ చదివాను, రెండుసార్లు చదివాను. మాస్టారూ, మీ కోడలి సంగతి చదివిన రాత్రి నిద్రపోలేదు. నేను చేయబోయింది అచ్చంగా అదే. పెళ్ళిదాకా మాత్రలు వేసుకుని పది రోజుల ముందు మానేద్దామని అమ్మా నేనూ అనుకున్నాం. ఆ ముక్క నా మొదటి పోస్టులో రాయలేదు.

నిన్న డాక్టరుగారికి ఫోన్ చేశాను. అశ్వగంధ సంగతి చెప్పాను, ఆపమన్నారు. సరస్వతి ఆకు కూడా ప్రస్తుతానికి ఆపి చూద్దామన్నారు. పెళ్ళి తేదీ చెప్పి, అప్పటికి మానేయొచ్చా అని అడిగితే, మానడానికి అది సరైన సమయం కాదన్నారు. పిల్లల గురించి ఆలోచించినప్పుడు ముందుగా వచ్చి మాట్లాడమన్నారు, చెప్పకుండా మాత్రం ఆపొద్దన్నారు. బ్యాంకు పని అయ్యాక రోజూ సాయంత్రం మాస్టారు చెప్పిన నాలుగు ఎనిమిది లెక్క చేస్తున్నాను. మావయ్య చెప్పిన ఆయన దగ్గరికి కూడా వెళ్తాను, నెమ్మదిగా చేసేవి మాత్రమే నేర్పమంటాను.

ఈరోజు మధ్యాహ్నం నేను పెళ్ళి చేసుకోబోయే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. చేతులు వణికాయి. అంతా విని, నువ్వు ఫోన్ ఎత్తకుండా మెసేజ్ పెట్టేది ఇందుకేనా అని అడిగాడు. ఎప్పుడు మొదలైంది, కౌంటర్ దగ్గర ఎవరైనా పక్కన ఉంటారా అని అడిగాడు. వాళ్ళ అమ్మకి చెప్పాలా అని నేను అడిగితే, కొంచెం ఆలోచించనీ అన్నాడు. అంతే. అది మంచికో చెడుకో నాకు ఇంకా తెలియదు. మా అమ్మ మాత్రం పొద్దున్నించి నాతో మాట్లాడటం లేదు.

రాత్రి భోజనం అయ్యాక మొదటి మాత్ర వేసుకోబోతున్నాను.

కృష్ణాతీరం | శనివారం రాత్రి 8:45

తల్లీ, మీ అమ్మగారు ఒప్పుకుంటే నా నంబరు నిర్వాహకుల ద్వారా పంపిస్తాను. ఆవిడతో మా ఆవిడ మాట్లాడుతుంది. మా ఇంట్లో జరిగింది తనే చెబుతానంటోంది.

నైట్‌డ్యూటీ | శనివారం రాత్రి 9:05

ఎసిటలోప్రామ్ పొద్దున టిఫిన్ తర్వాత వేసుకో చెల్లీ, కొందరికి రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. చీటీ మీద ఎప్పుడని రాశారో ముందు చూడు. రాత్రికని రాసి ఉంటే మార్చే ముందు డాక్టరుని అడుగు. మొదటి వారం అలజడి ఎక్కువైనా, చచ్చిపోవాలనే ఆలోచన ఏమాత్రం వచ్చినా వెంటనే ఆయనకి ఫోన్ చెయ్యి, లేదా 14416కి. సోమవారం డ్యూటీకి వెళ్ళేటప్పుడు మధ్య సీటు, ఒక్క స్టాపు. దిగాక ఇక్కడ రాయి.